అక్క చేను దాకా నాలుగు చక్రాలు

బురదలోకి సరదా కోసం దిగే మనుషులుంటారని నాకు నలభై దాటాకే తెలిసింది.

హైదరాబాదు శివార్లలో ఒక పెద్ద ఇల్లు. వాకిట్లో చెప్పులు విడవాలో వద్దో తేలక నిలబడి ఉన్నాను. పక్కన షెడ్డులో ఒక జీపును సగం విప్పి పెట్టారు. దాని యజమాని కంప్యూటరు ఉద్యోగం చేసే యువకుడు. సెలవు రోజుల్లో స్నేహితులతో కలిసి గుట్టలూ గుంతలూ వెతుక్కుంటూ పోతాడట. కావాలనే దిగబడతారట, కావాలనే పైకి వస్తారట. ఫోనులో ఫొటోలు చూపించాడు. ఒంటి నిండా బురదతో అందరూ పళ్లికిలిస్తున్నారు. మా వైపు ఆ అవతారంలో ఎవరైనా కనిపిస్తే ముందు నీళ్లిచ్చి, తర్వాత బండి ఎక్కడ దిగబడిందని అడుగుతారు.

"మీరు ఎక్కువగా ఏ రూట్‌లో పోతారన్నా?" అని అడిగాడు, నేను కూడా తనలాంటి వాడిననుకుని.

"మా అక్క చేనుకు పోయే రూట్ల," అన్నాను.

అతను పెద్దగా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది కానీ మింగేశాను. నేను వచ్చింది అతని పాత సామాను కోసం, అతనితో తగాదా కోసం కాదు.

ఆ రూటు సంగతి ఇక్కడే చెప్పాలి. మా అక్కా బావా ఉండేది ఊళ్లో కాదు, చేన్లోనే. రాయచూరు పక్కన యాపలదిన్ని ఊరు దాటి కొంత దూరం పోయాక తారు రోడ్డు దిగితే నల్లరేగడి పొలాల మధ్య నుంచి బండి దారి ఒకటి పోతుంది. మధ్యలో ఒక వాగు. వాగు దాటి గట్టెక్కితే వాళ్ల పత్తి చేను, కంది సాళ్లు, రేకుల ఇల్లు, బర్రెల కొట్టం. ఎండాకాలం ఆ దారిలో సైకిలు మీద పాట పాడుకుంటూ పోవచ్చు. ఒక్క మంచి వాన పడిందా, చెప్పులు భూమికిచ్చి కాళ్లు మాత్రం వెనక్కి తెచ్చుకోవాలి. నల్లరేగడి జార్చి పడేసి ఊరుకునే మన్ను కాదు, పట్టుకుని కూర్చుంటుంది. చక్రానికి చుట్టుకుని, మడ్‌గార్డులో కూరుకుపోయి, చివరికి చక్రం తిరగడమే మానేస్తుంది. పత్తికీ కందికీ అంత మంచి మన్ను ఇంకొకటి లేదు కాబట్టి, ఎంత తిట్టినా దాన్ని ఎవరూ వదిలిపోరు.

బావకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు రాయచూరు ఆస్పత్రికి వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. రక్తాన్ని మిషను గుండా పంపి, కడిగి, మళ్లీ ఒంట్లోకి ఎక్కిస్తారు. ఒకసారి తప్పితే కాళ్లు వాస్తాయి. ఇంకోసారి తప్పితే ఊపిరి ఆడదు. కిందటి వానాకాలం అదే జరిగింది. కొన్నిసార్లు ట్రాక్టరు వాళ్లను బతిమాలి మడ్‌గార్డు మీద కూర్చోబెట్టి తెచ్చాం. ఆ కుదుపులకు దారిలోనే వాంతులు చేసుకునేవాడు. తర్వాత ఒక వారం ముసురు పట్టి ట్రాక్టరు కూడా వాగు ముందర చేతులెత్తేసింది. బావను నులక మంచం మీద పడుకోబెట్టి నలుగురం మోసుకొచ్చాం. అంబులెన్సు తారు రోడ్డు మీద నిలబడి ఉంది. అది బురదలోకి దిగదు, దాని తప్పూ కాదు.

ఆ రోజు డాక్టరమ్మ అక్కను పక్కకు పిలిచి, "రాయచూరల్లే మనె మాడ్రి," అంది కన్నడంలో. రాయచూరులోనే ఇల్లు చూసుకోండి అని. మళ్లీ ఈ స్థితిలో తెస్తే తన చేతుల్లో ఏమీ ఉండదని కూడా చెప్పింది.

అక్క ఇల్లు చూసింది. మార్కెట్ వెనక సందులో ఒకే ఒక్క గది. బావను తీసుకెళ్లి చూపించాం. ఆయన గుమ్మంలోనే నిలబడి లోపలి గోడలనూ, పైన ఫ్యానునూ, మూలనున్న పొయ్యి గట్టునూ చూశాడు. "ఈడ పొద్దుగాల లేసి నేనేం జెయ్యాలె?" అన్నాడు. అది కోపంతో అన్న మాట కాదు, నిజంగానే అడిగాడు.

ఒంట్లో కాస్త బాగున్న రోజున ఆయన ఇప్పటికీ కంది సాళ్ల వెంట నడుస్తాడు. ఆకులు తిప్పి పురుగు చూస్తాడు. గుక్కెడు నీళ్లు ఎక్కువ తాగకూడని మనిషి చేనుకు మాత్రం కడుపు నిండా పారిస్తాడు. ఆ నడక ఆగిపోతే ఏ మిషనూ ఆయన్ని నిలబెట్టలేదని నాకు గట్టిగా అనిపించేది. అక్కకూ అనిపించేది. కానీ ఊపిరాడక ఆయన కొట్టుకోవడాన్ని పక్కన కూర్చుని చూసింది కూడా ఆమే.

"ఈ ఒక్క వానకాలం జూస్త తమ్మి," అంది నాతో. "ఒక్కపారి తప్పిందంటె, బర్రెలు అమ్మి రాయచూరుకు పోతం. మీ బావ ఏడ్చినా ఇన."

మా అక్క అన్నదంటే అన్నదే. చిన్నప్పుడు నాతో మాట్లాడనని శపథం చేసి, పండగ రోజు కూడా పక్కింటి పిల్లతో కబురు పంపి నాకు భక్ష్యాలు పెట్టించిన మనిషి.

నా దగ్గర ఉన్నది ఒక పాత జీపు. చంద్రబండ చుట్టుపక్కల ఊళ్ల నుంచి పత్తి ఏరే ఆడవాళ్లను చేలకు తీసుకుపోయి, సాయంత్రం ఇళ్లకు చేర్చడం నా పని. కిందటేడు ఆ జీపు వాగుకు ఇవతలే కడుపు నేలకానించి కూర్చుంది. ఎత్తు పెరిగితే చాలు కదా అని ఎండాకాలంలో పెద్ద టైర్లు వేయించాను. ఎత్తు పెరిగింది, బలం పోయింది. మొదటి గేరులో కూడా ఇంజను రొప్పుతూ రొప్పుతూ ఆగిపోయేది. బండెక్కిన ఆడవాళ్లు క్లచ్చు మాడిన వాసనకు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్లు. "ఏందన్నా, బండ్ల ఏమన్న వండుతున్నవా?" అని ఒకామె రోజూ అడిగేది.

రాయచూరులో నా బండి చూసే మిస్త్రీ ఉర్దూ మనిషి. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ కలిపి మాట్లాడతాడు, మూడింట్లోనూ తనను తానే పొగుడుకుంటాడు. హారను విని బండి రోగం చెప్పగలనంటాడు. నా జీపు చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కాలితో తన్ని, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"క్యా భాయ్, చిన్న పిల్లగానికి నీ చెప్పులు తొడిగి ఉరుకుమంటె ఉరుకుతడా? టైరు పెద్దగ జేసినవు గద, లోపల పళ్లు మార్చాలె. క్రౌను, పినియను. అప్పుడు సూడు తాకత్."

ఆ మాటకు అర్థం ఇది. చక్రాల మధ్య ఇరుసులో ఉబ్బెత్తుగా ఉండే గుండులో పినియను అనే చిన్న పళ్ల చక్రం క్రౌను అనే పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. చిన్నది ఇంకొన్ని చుట్లు ఎక్కువ తిరిగాకే పెద్దది ఒక చుట్టు తిరిగేలా మారిస్తే, బండి వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది. గేర్ల సైకిలు మీద చడావు ఎక్కిన పిల్లలందరికీ తెలిసిన సంగతే.

రెండో ఆలోచన మాత్రం నాది, దాన్ని ఎవరికీ ఇవ్వను. ట్రాక్టరు నడిపేవాడి మడమ దగ్గర ఒక పెడలు ఉంటుంది. ఒక చక్రం బురదలో ఊరికే గిరగిరా తిరుగుతూ రెండోది కదలక మొండికేస్తే, ఆ పెడలు తొక్కుతాడు. అప్పుడు రెండు చక్రాలూ ఒక్కటై తిరుగుతాయి. మలుపుల్లో లోపలి చక్రం, బయటి చక్రం వేర్వేరు వేగంతో తిరగాలి కాబట్టి ప్రతి బండిలోనూ వాటిని విడివిడిగా తిరగనిచ్చే ఏర్పాటు ఉంటుంది. రోడ్డు మీద అది సుఖం. బురదలో మాత్రం బలమంతా పట్టు దొరకని చక్రానికే పోతుంది, పట్టున్న చక్రం పెళ్లికి వచ్చిన చుట్టంలా చూస్తూ ఊరుకుంటుంది. వాటిని కట్టేసే లాకు ట్రాక్టరుకు ఉన్నప్పుడు జీపుకెందుకు ఉండకూడదు?

"ఎందుకుండది? ఉంటది. నేనే చెప్దామనుకుంటున్న," అన్నాడు మిస్త్రీ. అతనెప్పుడూ అంతే.

అలా నేను హైదరాబాదు చేరాను. ఆ యువకుడు కొత్త సామాను బిగించుకుంటూ పాతది తీసేస్తున్నాడని మిస్త్రీకి ఎవరో చెప్పారు. మా అక్క చేనంటే నవ్వాడే కానీ, మంచివాడే. బావ సంగతి విన్నాక నవ్వు ఆపేశాడు. వెనక ఇరుసుకు వేసే లాకు ఇచ్చాడు. అది గాలి ఒత్తిడితో పనిచేస్తుంది. గాలి నింపే చిన్న మిషనూ, డ్రైవరు ముందు పెట్టుకునే స్విచ్చూ కూడా ఇచ్చాడు. క్రౌన్లూ పినియన్లూ వేసిన గోనెసంచి ఒకటి తన కారు డిక్కీలోంచి దించి, "రెండు సెట్లు ఉన్నాయన్నా, మొత్తం తీసుకెళ్లండి," అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఇంగ్లీషు కలిపి ఏవేవో వివరించాడు. నేను తల ఊపాను. అందులో సగమే నాకు అర్థమైంది. అసలు విషయం మిగతా సగంలో ఉంది.

రాయచూరు వచ్చాక మిస్త్రీ సంచి బోర్లించాడు. ఒక సెట్టు వెనక ఇరుసుకు సరిగ్గా సరిపోయింది. రెండోది కాస్త చిన్నది. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఏరే బండిది. పొరపాటున ఏసిండు పాపం," అని మళ్లీ సంచిలో పడేశాడు.

బిగింపు మొదలయ్యాక, "మారుతి గుడి ముందర అంగట్ల సిందూరం తేపో," అన్నాడు. పని బాగా జరగాలని పూజ చేస్తాడేమో, మా దేవుడి మీద గౌరవం అనుకుని సంతోషపడి తెచ్చాను. అతను దాన్ని నూనెలో కలిపి పళ్లకు పూశాడు. పినియనును చేత్తో తిప్పితే పళ్లు ఒకదానికొకటి ఆనిన చోట సిందూరం చెదిరిపోయి గుర్తు పడుతుంది. ఆ గుర్తు పన్ను మధ్యలో పడాలి. అంచుకు పడితే గేరు ఏడుస్తుంది, కొన్నాళ్లకు విరుగుతుంది. కాగితమంత పల్చని ఇనుప రేకు ఒకటి పెట్టడం, బిగించడం, తిప్పి చూడటం, మళ్లీ విప్పడం. ఎర్రటి వేళ్లతో మా మిస్త్రీ అంత సేపు నోరు మూసుకుని ఉండటం నేను మొదటిసారి చూశాను.

బండి బయటికి తీసి ఎండిన వాగులోకి దింపాం. ఇసుకలో ఒక చక్రం గుంత తవ్వుకోవడం మొదలుపెట్టగానే స్విచ్చు నొక్కాను. కింద టక్కుమంది. రెండు వెనక చక్రాలూ కలిసి ఒక్క ఊపున బండిని బయటికి తెచ్చాయి. మిస్త్రీ గట్టు మీద నిలబడి ఈల వేశాడు. నేను దిగి అతన్ని కౌగిలించుకున్నాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ వానాకాలం దగ్గరపడేకొద్దీ నాకు భయం పట్టుకుంది. వెనక రెండు చక్రాలు చాలకపోతే? ముందు చక్రాలు కూడా లాగితే ఇంకెంత ధైర్యం!

జీపులో ముందు చక్రాలకు కూడా బలం అందించే ఇనుప షాఫ్టు ఒకటి ఉంటుంది. మా వైపు జీపు కొన్నవాడు మొదట చేసే పని బండికి నిమ్మకాయ కట్టడం, రెండో పని ఆ షాఫ్టు విప్పేయడం. డీజిలు మిగులుతుందనీ, స్టీరింగు తేలిగ్గా తిరుగుతుందనీ చెప్తారు. కూలీలను మోసే బండికి నాలుగు చక్రాల బలం దండగని నమ్మకం. మా వైపు జీపుల కిందికి దూరి చూస్తే ముందు భాగం ఖాళీగానే ఉంటుంది. నా బండి షాఫ్టు కూడా కొన్న వారంలోనే ఊడిపోయి, ఏళ్ల తరబడి మా గొర్రెల దొడ్డి తలుపుకు అడ్డగడియగా పనిచేస్తోంది. గొర్రెలు దాన్ని చూసి ఎంతో గౌరవంగా లోపలే ఉండేవి. దాన్ని తీసి, తుప్పు గీకి, గ్రీజు పెట్టి నేనే బిగించాను.

మొదటి జల్లు పడిన రోజు అక్క బర్రెల దాణా కోసం యాపలదిన్ని వచ్చింది. ఆస్పత్రి రోజు కాదు. దాణా మూట వెనకేసి, ఆమెను ముందు కూర్చోబెట్టుకుని, "సూడు నీ తమ్ముని బండి," అన్నాను. తారు రోడ్డు దిగగానే కొంత దూరం గట్టి మొరం ఉంటుంది. అక్కడే చిన్న గేరు కర్ర లాగి నాలుగు చక్రాలూ కలిపాను.

బండి వణికింది. స్టీరింగు నా చేతుల్లోంచి లాక్కోవడం మొదలుపెట్టింది. ముందు చక్రాలు పదమంటున్నాయి, వెనక చక్రాలు ఆగమంటున్నాయి. కింద ఏదో మూలిగింది. నేను మొండిగా ఇంకాస్త తొక్కాను. ఫటేలుమని పెద్ద చప్పుడైంది. షాఫ్టు కీలులో ఉండే క్రాసు విరిగి, షాఫ్టు ఒక కొస నేలకు వేలాడింది.

అక్క దిగింది. వంగి బండి కిందికి చూసింది. దాణా మూట నెత్తిన పెట్టుకుంది.

"రేపు పోయి ఆ గది మాట్లాడొస్త," అంది.

"అక్కా, జర ఆగు, ఇది చిన్న..."

"తమ్మి, నీకు దండం. నువ్వు మంచోనివే. నీ బండి మీద పెట్టి ఆయనను ఆగం జెయ్యలేను," అని నడుచుకుంటూ వెళ్లిపోయింది. నన్ను తిట్టి ఉంటే ఓర్చుకునేవాడిని. ఆ దండానికి మాత్రం నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

మరునాడు ఆ కోపమంతా తీసుకెళ్లి మిస్త్రీ మీద పోశాను. అతను ఒక మూల గోనెసంచి మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"ముందుకు షాఫ్టు ఎవడు పెట్టిండు? నన్ను అడిగినవా?" అన్నాడు.

"నాలుగు చక్రాల బండికి నాలుగు చక్రాలుంటయని గూడ నేనే చెప్పాల్నా?"

"షాఫ్టే లేని బండి తెచ్చి ఇచ్చినవు. ముందర ఏమున్నదని నేను సూడాలె?"

పక్క దుకాణాల వాళ్లు పనులు ఆపి మమ్మల్ని చూడటం మొదలుపెట్టారు. తగాదా తీర్చడానికి కాదు, వినడానికి. చివరికి నేనే హైదరాబాదు యువకుడికి ఫోను చేసి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాను. జరిగింది చెప్పాను.

అతను అంతా విన్నాడు. తర్వాత, "అన్నా, వెనక పళ్లు మార్చి ముందు పాతవే ఉంచారా?" అన్నాడు చాలా నెమ్మదిగా. "అప్పుడు ముందు చక్రాలు ఒక వేగం, వెనక చక్రాలు ఇంకో వేగం అడుగుతాయి. రెండు ఇరుసులకూ ఒకటే లెక్క ఉండాలి కదా. అందుకే రెండు సెట్లు ఇచ్చాను. ఆ చిన్నది ముందు ఇరుసుది."

నేను మిస్త్రీని చూశాను. మిస్త్రీ తాను కూర్చున్న గోనెసంచిని చూశాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి మెల్లగా దాని మీద నుంచి లేచాడు.

ఆ తప్పు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. నేను అతనిదంటాను, అతను నాదంటాడు. నన్నడిగితే మా ఊళ్ల అలవాటుది. ఎన్నో ఏళ్లుగా ఖాళీగా ఉన్న చోట ఏదో ఉండాలన్న ఊహే మా ఇద్దరికీ రాలేదు. అయితే ఆ రోజు దాన్ని తేల్చుకునే ఓపిక నాకు లేదు. అక్క గది మాట్లాడటానికి వెళ్తోందని మాత్రం చెప్పాను.

మిస్త్రీ గొంతు తగ్గింది. "మీ అక్కకు ఫోన్ కలుపు," అన్నాడు. కలిపి ఇచ్చాను.

"అక్కా, నేను జీపు మిస్త్రీని. జరా ఆగక్కా, గది ఇప్పుడే పక్కా జెయ్యకు. తప్పు దొరికింది." నా వైపు ఒకసారి చూశాడు. "తప్పు ఇద్దరిది. గురువారం ఆస్పత్రికి పోయే యాళకు బండి నీ వాకిట్ల ఉంటది. రాకపోతె నన్నొచ్చి తిట్టు."

అక్క అప్పటికే ఆ గది యజమాని ఇంటికి వెళ్లింది. గురువారం దాటాక ఖాయంగా చెప్తానని అతనికి చెప్పి వచ్చేసింది.

మిస్త్రీ లిఫ్టు మీదున్న ఇంకెవరిదో బండి దించేసి నాది ఎక్కించాడు. సిందూరం కోసం మళ్లీ నేనే పరుగెత్తాను. అంగడామె, "ఏం మొక్కు మొక్కినవన్నా?" అని అడిగింది. పెద్ద మొక్కే అన్నాను. బుధవారం మధ్యాహ్నానికి ముందు ఇరుసు కూడా కొత్త పళ్లతో మూసుకుంది, కొత్త క్రాసుతో షాఫ్టు ఎక్కింది. మొరం మీద నాలుగు చక్రాలూ కలిపి నడిపి చూశాం. వణుకు లేదు. స్టీరింగు నా మాట వింటోంది. బండి దిగేసరికి పడమట మబ్బు నల్లగా కమ్ముకుని ఉంది.

ఆ సాయంత్రం మొదలైన వాన తెల్లారినా ఆగలేదు.

నేను తారు రోడ్డు దిగేసరికి దారి కనిపించడం లేదు. రెండు పక్కల చేలూ, మధ్య దారీ ఒకటే నల్లటి ముద్ద. ట్రాక్టరొకటి గట్టు పక్కన నిలిచిపోయి ఉంది. దాని మీద గొడుగు వేసుకుని కూర్చున్న మనిషి నన్ను చూసి, పోకు పోకు అని చెయ్యి ఊపాడు. నేను చిన్న గేరు కర్ర లాగి దిగాను. పెద్దగా తొక్కాల్సిన పనే లేకపోయింది. ఇంజను అరవలేదు, రొప్పలేదు. బండి మెల్లగా, పట్టు వదలకుండా నడిచింది. చక్రాలకు మన్ను చుట్టుకుంటోంది, అయినా తిరుగుతున్నాయి. వాగులో నీళ్లు మోకాలెత్తు కూడా లేవు. భయం నీళ్లది కాదు, గట్టుది.

వాళ్లిద్దరూ రేకు చూరు కింద నిలబడి ఉన్నారు. బావ ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని భుజాల మీద గొంగడి కప్పుకున్నాడు. కాళ్లూ ముఖమూ అప్పటికే కాస్త ఉబ్బి ఉన్నాయి. అక్క నా ముఖం చూడలేదు, టైర్లు చూసింది. తర్వాత బావ చెయ్యి పట్టుకుని ఎక్కించి, తానూ పక్కన ఎక్కింది.

తిరుగు దారిలో వాగు గట్టు ఎక్కుతుండగా నా భయం నిజమైంది. వెనక ఎడమ చక్రం కోసుకుపోయిన గుంతలో పడింది. గిర్రున తిరుగుతూ బురదను బండి రేకుల మీదికి కొట్టింది. బండి పక్కకు జారింది. అక్క ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. అప్పుడు స్విచ్చు నొక్కాను. గాలి మిషను సన్నగా మూలిగింది. టక్కున లాకు పడింది. ఎడమ చక్రం పిచ్చి తిరుగుడు ఆగింది, కుడి చక్రం నేలను కరిచింది, ముందు రెండూ పైకి లాగాయి. ఏ ఊపూ లేకుండా, ఏ కుదుపూ లేకుండా, బండి గట్టెక్కి నిలబడింది.

బావ గొంగడిలోంచి తల బయటికి పెట్టి పక్క చేను చూస్తున్నాడు. "వీళ్లు దుక్కి మంచిగ దున్నుకున్నరు," అన్నాడు.

ఆస్పత్రిలో నర్సమ్మ మమ్మల్ని చూసి, "ఈ మళెయల్లి హ్యాగె బంద్రి?" అని ఆశ్చర్యపోయింది. ఈ వానలో ఎలా వచ్చారని. "జీపల్లి," జీపులో అని, ఒక్క మాట చెప్పి బావ లోపలికి నడిచి వెళ్లాడు. తన కాళ్ల మీద తానే నడిచి వెళ్లాడు.

మేమిద్దరం వరండా బల్ల మీద కూర్చున్నాం. అక్క చీర అంచుకు అంటిన బురద దులుపుకుంది. తర్వాత ఫోను తీసి ఆ గది యజమానికి చేసింది. "బేడణ్ణా, బేరెయవరిగె కొడ్రి," అంది. మాకొద్దు, ఇంకెవరికైనా ఇచ్చుకోమని.

నాకు గాబరా పుట్టింది. "అక్కా, వానకాలం ఇంక మస్తుగున్నది. ఒక్కపారికే తొందరపడకు. మల్ల యాడన్న విరిగితే?"

"విరిగితే మల్ల అతికిస్తరు గదా మీ ఇద్దరు పిచ్చోళ్లు," అంది. కొంగుతో ముక్కు తుడుచుకుని, "పోయి చాయ్ తేపో," అని నన్ను అక్కడి నుంచి తరిమేసింది.

మేం తిరిగి బయలుదేరేసరికి వాన సన్నబడింది కానీ ఆగలేదు. ముందు సీటులోనే ముగ్గురం సర్దుకున్నాం. బావ మధ్యలో, అక్క ఆ చివర. సూదులు తీసిన బావ చెయ్యికి తెల్ల పట్టీ కట్టి ఉంది. ముఖంలో ఉబ్బు దిగి, పొద్దున చూసిన మనిషిలా లేడు. నేను చిన్న కర్ర లాగి మళ్లీ బురదలోకి దిగాను. వాగు దాటాను, స్విచ్చు నొక్కాను, గట్టెక్కాను. పొద్దుటి కన్నా బాగా ఎక్కాను. అక్క నోట ఒక మెప్పు మాట రాబట్టాలని పక్కకు తిరిగాను.

అక్క నిద్రపోతోంది.

తల బావ భుజం మీద వాలిపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. కడ్డీ పట్టుకోవాల్సిన చేతులు ఒళ్లో వదులుగా పడి ఉన్నాయి. బావకు జబ్బు చేసినప్పటి నుంచి ఆమె కంటి నిండా నిద్రపోయినట్టు నేనెరుగను. ఆయన ఊపిరి కాస్త బరువైతే లేచి కూర్చునేది, మబ్బు పడితే లేచి కూర్చునేది. ఆ మనిషి నల్లరేగడి నడి బురదలో, వాన చినుకులు ముఖం మీద పడుతుంటే కదలకుండా నిద్రపోతోంది.

బావ పట్టీ కట్టిన చెయ్యిని అలాగే బిగబట్టి కూర్చున్నాడు, భుజం కదిలితే ఆమె లేస్తుందని.

"మెల్లగ పోనీ," అన్నాడు నాతో గుసగుసగా. "పండనీ దాన్ని."

అతి చిన్న గేరులో వేసి ఆక్సిలరేటరు మీద నుంచి కాలు తీసేశాను. బండి తనంతట తానే అడుగులో అడుగు వేసుకుంటూ పత్తి చేను పక్క నుంచి వాకిలి దాకా వచ్చింది. పాలు పితికే వేళ దాటిపోయి బర్రెలు కొట్టంలోంచి అరుస్తున్నాయి. ఇంజను ఆపేస్తే ఆ నిశ్శబ్దానికి ఆమె లేస్తుందని ఆపలేదు. డీజిలు కాలితే కాలనీ అని ముగ్గురం వానలో అలాగే కూర్చున్నాం.